తెరమీద ‘అ’ ఎవరు?

మియాజు,
సెప్టెంబరు 29

మదోకాకి,

నువ్వు రైలెక్కి వెళ్ళిన మర్నాడే వాన పట్టుకుంది. మూడు రోజులుగా నేను పనికెళ్ళే ఫుసా షెడ్డులో చేపలు ఆరడం లేదు, ఫుసా నోరు ఆగడం లేదు. అయినా పొద్దున్నే ఆరున్నరకల్లా వెళ్ళి, కడిగేవి కడిగి, ఒంటిగంటకి ఇల్లు చేరుతున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, మా ఫోను మీ పెద్దనాన్న మంచం పక్కనే ఉంది. ఆయనకి మాట పోయింది గాని చెవులు మాత్రం పాము చెవులు. ఆయన గురించి ఆయన ముందే మాట్లాడటం నాకు చేతకాదు.

నువ్వు తెచ్చిన వీడియో ఆటపెట్టె, వేలితో నొక్కే తెరతో సహా, టీవీ పక్కన పెట్టాను. కుడిచేతికి ఏదో ఒక పని చెబుతూ ఉండమని డాక్టరు అన్నాడనే కదా, క్యోటో నుంచి అంత దూరం మోసుకొచ్చావు. రోజూ సాయంత్రం నేనే ముందు కూర్చుని ఆ బంతాట ఆడి చూపిస్తున్నాను. నిన్న ఒక్క దెబ్బకి ఏడు సీసాలు పడగొట్టాను. “ఏమండీ, ఒక్కసారి విసరండి, మీ సొమ్మేం పోయింది?” అంటే మొహం గోడవైపు తిప్పుకుని “అదీ” అంటాడు. ఉప్పు కావాలన్నా అదీ, కిటికీ మూయమన్నా అదీ, వద్దన్నా అదీ. ఏప్రిల్లో పక్షవాతం వచ్చి వెళుతూ వెళుతూ ఆయనకి వదిలిపెట్టిన మాట అదొక్కటే. నలభై ఏళ్ళు ఊరందరి దుకాణాలకీ బోర్డులు రాసిన మనిషి. ఈ రేవులో ఏ పడవ పేరు చూసినా ఆయన కుంచే.

అందుకే ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు. బంతాట పక్కన ఇంకో ఆట పెట్టావు చూడు, ‘కప్ప మాస్టారి బడి’. పసిపిల్లల చేత అక్షరాలు దిద్దించేది. నీ ఉద్దేశం మంచిదే. కానీ ఆయన్ని తీసుకెళ్ళి కప్ప ముందు కూర్చోబెడతామా? ఆ పచ్చబొమ్మ కనబడినప్పుడల్లా నాకే తల కొట్టేసినట్టుంటుంది. దాన్ని అక్కడినుంచి తీసేయడం ఎలాగో రాయి.

ఇంకొకటి. కంపెనీలో నువ్వు చేసేది మెనూ అని ఫుసాకి చెప్పాను. “అయితే ఇవాళ కూరేమిటట?” అంది. నిజం చెప్పు తల్లీ, నిన్ను క్యాంటీనులో వేశారా? వేస్తే వేశారు. మీ అమ్మ పోయాక నిన్ను చదివించినవాళ్ళం, మా దగ్గర దాపరికం ఎందుకు?

పెద్దమ్మ


క్యోటో,
అక్టోబరు 4

పెద్దమ్మకి,

ఎండుచేపల పొట్లం చేరింది. కాలుస్తుంటే పక్కవాటా ఆయన తలుపు కొట్టాడు. వాసనకి తిడతాడనుకున్నాను, ఎక్కడ కొన్నావని అడిగి రెండు పట్టుకుపోయాడు.

నేను క్యాంటీనులో లేను. పెట్టెని లేపగానే ఒక తెర వస్తుంది కదా, పై మూలలో గుండ్రటి ముఖాలు, మధ్యలో ఆటల బొమ్మల వరస, కింద చిన్న చిన్న గుర్తులు, దాన్నే మెనూ అంటారు. మా బృందంలో ఇరవై మందిమి ఏళ్ళ తరబడి చేస్తున్నది అదే. దానికోసం పెట్టె కొనేవాళ్ళు లోకంలో ఒక్కరూ లేరు. బాగుంటే అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు, బాగోకపోతే అందరూ తిడతారు.

ఆట నడుస్తున్నప్పుడు కూడా మెనూ ఎక్కడికీ పోదు, వెనకాలే నిలబడి ఉంటుంది. ఇల్లు గుర్తున్న బటన్ నొక్కావనుకో, ఆట ఎక్కడిదక్కడ ఆగి నిద్రపోతుంది, మెనూ ముందుకొస్తుంది. మళ్ళీ ఆ బొమ్మ నొక్కితే, విసరబోయిన బంతి నీ చేతిలో అలాగే ఉంటుంది. పిలవగానే రావాలి కాబట్టి పెట్టె జ్ఞాపకంలో కొంత చోటు ఎప్పుడూ మెనూకోసం అట్టేపెడతాం. ఆటలు చేసేవాళ్ళు ఆ చోటు కూడా తమకిమ్మని గొడవ. మా పెద్దాయన కురాహషి గారు ఇవ్వరు.

ముఖాల సంగతి. నీకు పిల్లిని పెట్టాను, పెద్దనాన్నకి పడవని పెట్టాను, కింద పేర్లు రాశాను. ఆట తెరిచేటప్పుడు “ఎవరు ఆడతారు?” అని అడుగుతుంది. పిల్లిని నొక్కితే నీ ఆట తెరుచుకుంటుంది, పడవని నొక్కితే ఆయనది. ఒకరు గెలిచింది ఇంకొకరి దాంట్లో కలవదు.

కప్పని తీసెయ్యడం తేలికే. కానీ ఉండనివ్వు పెద్దమ్మా. ముద్ద పెట్టమని అడగదు కదా.

మదోకా


మియాజు,
అక్టోబరు 13

మదోకాకి,

క్యాంటీను కాదని ఫుసాకి చెప్పాను. “అయితే వెనకాల నిలబడే ఉద్యోగమా?” అంది.

ఈ పెట్టె నాకు అంతుపట్టడం లేదు. నువ్వు వెళ్ళేటప్పుడు వరసలో బంతాట ముందుంది, కప్ప దాని వెనక ఉంది. ఆ సంగతి నాకు బాగా గుర్తు. ఇప్పుడు సాయంత్రం నేను కూర్చునేసరికి కప్ప ముందుంటోంది. బంతాట ఆడి లేస్తే బంతాట ముందుకొస్తుంది. మర్నాడు చూస్తే మళ్ళీ కప్ప! బస్సు దగ్గర వరసలో దూరేవాళ్ళని చూశాను గాని వరసలో దూరే కప్పని ఇదే చూడటం.

అదలా ఉండగా మొన్న బంతాట నొక్కితే, “ఇప్పుడు నడుస్తున్న ఆటను మూసెయ్యాలి, సరేనా?” అని అడిగింది. ఏ ఆట నడుస్తోంది? ఎవరు నడుపుతున్నారు? నేను అప్పుడే చేతులు తుడుచుకుని కూర్చున్నాను. హడలిపోయి వద్దన్నాను. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే ప్రశ్న. మా అత్తగారు కూడా ఒకే మాట ఇన్నిసార్లు అడిగేది కాదు.

అసలు సంగతి ఇంకా ఉంది. పై మూలలో ఇప్పుడు మూడు ముఖాలున్నాయి. నా పిల్లి, ఆయన పడవ, ఇంకొకటి ముల్లంగి. ముల్లంగి కింద పేరు ‘అ’. అంతే, ఒకే అక్షరం. అ ఏమిటి? మనుషులకి అలాంటి పేరుంటుందా? ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఈ మూడోది ఎవరు, ఎప్పుడొచ్చింది, ఎందుకొచ్చింది? మీ పెద్దనాన్నకి చూపించి “ఇదెవరండీ?” అని అడిగాను. “అదీ” అన్నాడు. ఆయన్ని అడగడం నాదే బుద్ధితక్కువ.

ముల్లంగి అంటే గుర్తొచ్చింది. ఈసారి ముల్లంగి సన్నగా, ఘాటుగా ఉంది. ఊరబెట్టి పంపుతాను.

పెద్దమ్మ


క్యోటో,
అక్టోబరు 18

పెద్దమ్మకి,

కంగారు పడకు, ఇందులో దయ్యమేమీ లేదు.

వరస సంగతి చాలా సులువు. ఆఖరున ఏ ఆట తెరిస్తే మెనూ దాన్ని ముందుకు జరుపుతుంది. కప్ప ముందుందంటే కప్పని ఆఖరున తెరిచారని అర్థం. “నడుస్తున్న ఆట” అన్నా అంతే. కప్ప ఆట తెరిచి, మూయకుండా వదిలేస్తే అది లోపల నిద్రపోతూ ఉంటుంది. పెట్టె ఒకేసారి రెండు ఆటలు మొయ్యలేదు, అందుకని అడుగుతుంది. బంతాట అనుకుని పక్కబొమ్మ నొక్కి ఉంటావు.

ముల్లంగి కూడా అలాగే వచ్చి ఉంటుంది. కొత్త ముఖం చేర్చడానికో గుర్తుంది, పొరపాటున దాని మీద వేలు పడితే పేరు అడుగుతుంది. అక్షరాల పలకలో మొదటిది ‘అ’. అది ఒక్కటి నొక్కి సరే అంటే అయిపోయింది. తోచనివాళ్ళందరూ పెట్టే పేరు అదే, మా ఆఫీసులో కూడా పరీక్షలకి అలాంటి ‘అ’లు వందలున్నాయి.

అడ్డంగా అనిపిస్తే తీసెయ్యి. కింద పళ్ళచక్రం గుర్తు నొక్కు, ‘ఆడేవాళ్ళు’ అని ఉంటుంది, అందులో ముల్లంగిని ఎంచుకుంటే అడుగున ‘తొలగించు’ అని వస్తుంది. సరేనా అని రెండుసార్లు అడుగుతుంది. రెండుసార్లూ సరే అను.

పెద్దమ్మా, ఒక్కటి అడుగుతాను. ఈమధ్య పొయ్యిమీద గిన్నె మరిచిపోవడం, కొన్నదే మళ్ళీ కొనడం లాంటివేమన్నా జరుగుతున్నాయా? ఊరికే అడిగాను.

మదోకా


మియాజు,
అక్టోబరు 24

మదోకాకి,

ఊరికే అడగలేదని నాకు తెలుసు. నాకు డెబ్బై మూడు. గిన్నె మాడలేదు, సోయాసాసు రెండుసార్లు కొనలేదు.

నీ ఉత్తరం చదివాక ఒక పని చేశాను. సోమవారం రాత్రి బంతాట ఆడి, బంతాట ముందున్నట్టు క్యాలెండరు మీద రాసిపెట్టాను. మంగళవారం పొద్దున షెడ్డుకి వెళ్ళేముందు చూశాను, బంతాటే ముందుంది. ఒంటిగంటకి వచ్చి, కండువా కూడా విప్పకుండా చూశాను. కప్ప! బుధవారం కప్ప! గురువారం కప్ప! అంటే నేను ఇంట్లో లేనప్పుడు నా వేలు ఒక్కటే ఇంటికొచ్చి నొక్కిపోతోందా?

మీ పెద్దనాన్న కర్ర పట్టుకుని గోడ తడుముకుంటూ మరుగుదొడ్డిదాకా వెళ్ళిరావడమే గగనం. పైగా ఆ పెట్టెవైపు కన్నెత్తి చూడడు. దొంగ వచ్చి కప్పతో ఆడుకుని పోడు కదా. ఇక మిగిలింది ఎవరు?

నువ్వే రాశావు, మెనూ ఎప్పుడూ వెనకాల నిలబడి ఉంటుందని. ఆ మెనూ చేసింది నువ్వు. దాని తలుపులెక్కడున్నాయో నీకు తెలుసు. క్యోటోలో కూర్చుని మా ఇంట్లోకి తొంగిచూస్తున్నావు, అవునా? పెద్దమ్మ సరిగ్గా చూసుకుంటోందో లేదో, ఆయన చేత ఆడిస్తోందో లేదో అని. ఆడించడం లేదని తేలి, నువ్వే కప్పని ముందుకు జరుపుతున్నావు. మా మీద అనుమానం ఉంటే రైలెక్కి రా. గుమ్మంలో చెప్పులు విప్పి, వచ్చానని చెప్పి లోపలికి రా. గోడలోంచి మాత్రం రావద్దు.

ముల్లంగి ఊరింది గాని పంపడం లేదు.

కినుయో


క్యోటో,
అక్టోబరు 28

పెద్దమ్మకి,

నువ్వు పేరుతో సంతకం పెట్టడం ఇదే మొదటిసారి. రెండు రోజులు ఆఫీసులో ఏం చేశానో నాకే తెలియదు.

నేను ఎక్కడికీ తొంగి చూడటం లేదు. చూడలేను. మెనూకి కళ్ళు లేవు. ఎవరి పెట్టె వాళ్ళింట్లోనే ఉంటుంది, మీ పెట్టెకి ఇంటర్నెట్టు అనే బయటి తీగ కూడా తగిలించలేదు. అక్కడ ఏం జరుగుతోందో నీ ఉత్తరం చదివితేనే నాకు తెలుస్తుంది, నీ ఉత్తరం చదివితే ఏమీ అర్థం కావడం లేదు.

నాకు భయంగా ఉంది. ఇల్లు, ఆయన, షెడ్డు, అన్నీ నీ ఒక్కదాని మీదే పడ్డాయి. అందుకని ఊళ్ళో పెద్దవాళ్ళ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. వాళ్ళ మనిషి ఒకసారి వచ్చి పలకరించి వెళుతుంది. ఊరికే కబుర్లు. తప్పుగా అనుకోవద్దు.

మదోకా


మియాజు,
నవంబరు 6

మదోకాకి,

వచ్చింది నీ మనిషి. నీకంటే చిన్నది, మెళ్ళో బిళ్ళ. “అమ్మమ్మగారూ, ఇవాళ తారీఖెంతండీ?” అంది. చెప్పాను. “వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్ళండి.” రెండుదాకా తీసుకెళ్ళి, ఇక తియ్యడానికి లేదమ్మా, కావాలంటే వెనక్కి కలుపుకుంటూ రానా అన్నాను. గడియారం బొమ్మ గియ్యమంది. ఆ గడియారం మీ పెద్దనాన్న కళ్ళముందు గీశాను, మదోకా. బల్లకివతల ఆయన, అవతల నేను, మధ్యలో ఆ పిల్ల. ఆయన నావైపు ఎలా చూశాడో నువ్వు చూడలేదు. నీ మెనూకి కళ్ళు లేవు కదా.

వెళ్ళేటప్పుడు “మీకు పూర్తి మార్కులండీ” అంది.

దాన్ని పంపించి, సరాసరి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాను. ఈ గొడవంతా ఆ ముల్లంగితోనే మొదలైంది. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని పళ్ళచక్రం నొక్కాను, నువ్వు రాసినట్టే చేశాను. “ఈ వ్యక్తి దాచుకున్న ఆటలన్నీ పోతాయి, తిరిగి రావు, సరేనా?” అంది. దొంగ దాచుకున్నది పోతే నాకేమిటి? సరే అన్నాను. “నిజంగా సరేనా?” అంది. నిజంగా సరే అన్నాను. ముల్లంగి పోయింది. ఇంట్లో మళ్ళీ ఇద్దరం అయ్యాం.

నవంబరు 10. పైది రాసి పోస్టు చెయ్యలేదు. మీ పెద్దనాన్నకి ఒంట్లో బాగోలేదు. ఏడో తారీఖున నేను షెడ్డునుంచి వచ్చేసరికి టీవీ ముందు నేలమీద కూర్చుని ఉన్నాడు, పడ్డాడేమో అనుకున్నాను. లేపబోతే నా చెయ్యి విదిలించాడు. ఆ రాత్రినుంచి ముద్ద ముట్టడు. పీతల కాలం మొదలైంది, ఫుసా ఒక ఆడపీతనిచ్చింది, గింజలంత గుడ్లు విడదీసి అన్నంలో కలిపి పెట్టాను, కళ్ళు మూసుకున్నాడు. ఆ ‘అదీ’ కూడా అనడం లేదు. మళ్ళీ పక్షవాతమేమోనని టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళితే, కొత్తగా ఏమీ లేదన్నారు. డాక్టరు “ఈమధ్య బాధపడేది ఏమన్నా జరిగిందా?” అని అడిగాడు. ఆయన కళ్ళముందు నేను గడియారం గీశాను, ఇంకేం జరగాలి?

నీమీద కోపం అలాగే ఉంది. కానీ ఏం చెయ్యాలో తోచక రాస్తున్నాను.

పెద్దమ్మ


క్యోటో,
నవంబరు 12
(స్పీడు పోస్టు)

పెద్దమ్మా,

ఇప్పుడే అందింది. మిగతావి తర్వాత తిట్టు.

నువ్వు లేని పూట ఇంట్లో ఉండేది ఎవరు? నిన్ను నమ్మకుండా నేనూ, ఆయన్ని లెక్కలో వెయ్యకుండా నువ్వూ, నెలరోజులు గడిపాం. కప్పని ముందుకు తెచ్చింది పెద్దనాన్న. ‘అ’ పెద్దనాన్న. ఆ ముల్లంగిలో ఆయన దిద్దుకున్నదంతా ఉంది. అది ఖాళీ ముఖమే అనుకుని, తీసెయ్యమని దారి చూపించింది నేను. తొలగించేముందు వచ్చే ఆ వాక్యం కూడా, “తిరిగి రావు, సరేనా”, మూడేళ్ళ కిందట నేను రాసిందే.

ఆయన్ని అడుగు. నెమ్మదిగా అడుగు.

మదోకా


మియాజు,
నవంబరు 17

మదోకాకి,

నీ ఉత్తరం గుమ్మంలోనే నిలబడి చదివాను. చదివి లోపలికి వెళ్ళలేకపోయాను. ఇంటి వెనక ఆయన బోర్డులు రాసుకునే షెడ్డులోకి వెళ్ళాను, అక్కడైతే కాసేపు ఏడవొచ్చని. ఏప్రిల్ తరవాత నేను దాని తలుపు తియ్యలేదు. చూస్తే గొళ్ళెం మీద దుమ్ము లేదు.

రంగుల డబ్బాల వెనక కాగితాల కట్ట ఉంది. అంగళ్ళవాళ్ళు పంచే కాగితాలు, పారేశాననుకున్నవి. వెనకవైపు ఒక్కో కాగితం మీద ఒక్కో అక్షరం, కుంచెతో. మొదటి ‘అ’ పురుగు పాకినట్టుంది. పదో కాగితానికి అది అక్షరమని తెలుస్తోంది. ఇరవై దాటాక అది ఎవరి చెయ్యో తెలిసింది. వంపు తిరిగేచోట ఆయన కుంచెని కొంచెం ఆపుతాడు, ఈ ఊళ్ళో ఇంకెవరూ అలా ఆపరు. ముప్పై ఎనిమిది కాగితాలున్నాయి. పొద్దున పెట్టెలో కప్ప దగ్గర వేలితో దిద్దుకుని, కర్ర పట్టుకుని ఇంత దూరం నడిచి వచ్చి, ఇక్కడ కుంచెతో రాసి, నేను వచ్చేలోపల మళ్ళీ మంచం ఎక్కేవాడన్నమాట. మరుగుదొడ్డిదాకా వెళ్ళడమే గగనమని నీకు రాశాను చూడు!

కట్ట పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

“ముల్లంగి మీరేనా?” అన్నాను.

కళ్ళు మూసుకునే ఉన్నాడు.

“పడవ ఉందిగా మీకు! మదోకా పేరు కూడా రాసిపెట్టింది. దాంట్లో ఆడుకోకపోయారా? నాకు తెలిసేది కదా!”

కళ్ళు తెరిచి, నావైపు చూసి, “అదీ” అన్నాడు. అయిదు రోజుల తరవాత. అప్పుడు అర్థమైంది. పడవ కింద పేరు రాసింది నువ్వు, ఇంకొకరు రాసిన అక్షరాల కింద ఆయన ఎప్పుడన్నా సంతకం పెట్టాడా? పెళ్ళికి ముందు, వాళ్ళ నాన్న రాసిన బోర్డు మీద కూడా పెట్టలేదు.

“నేనే చెరిపేశాను. దొంగ అనుకున్నాను. కప్ప మాస్టారు మీకు తలవంపులనుకున్నాను. తలవంపులన్నీ నావే,” అన్నాను. ఆయన కట్ట నా చేతిలోంచి లాక్కుని దిండుకింద పెట్టుకుని అటు తిరిగాడు. కానీ ఆ రాత్రి గంజి తాగాడు.

కప్ప దగ్గర ఒక పుస్తకం ఉంటుందట, బాగా దిద్దిన ప్రతి అక్షరానికీ ఎర్రముద్ర వేస్తుందట. నేను తెరిచి చూశాను. ఒక్క ముద్ర లేదు, తెల్లగా ఉంది. మదోకా, దాన్ని చేసినవాళ్ళలో నువ్వు ఒకదానివి. నువ్వు పిలిస్తే ముల్లంగి వెనక్కి రాదా?

పెద్దమ్మ


క్యోటో,
నవంబరు 23

పెద్దమ్మకి,

రాదు. వెంటనే రాయలేక అయిదు రోజులు తిరిగాను, ప్రతి గదిలోనూ అడిగాను.

ఒక్కొక్క ముఖం వెనక పెట్టె ఒక అరని కట్టి ఉంచుతుంది. ఆడినదంతా ఆ అరలోకే వెళుతుంది. ముఖాన్ని తొలగిస్తే అరని కూడా ఖాళీ చేసి, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఒకరి వస్తువులు ఇంకొకరి చేతిలో పడకూడదని మేమే అలా కట్టాం. బయటి తీగ తగిలించి ఉంటే కొన్ని ఆటలకి నకలు ఇంకోచోట ఉండేది. మీకు తగిలించలేదు, ఎందుకులే అనుకున్నది కూడా నేనే.

మంగళవారం సమావేశంలో చెప్పాను. ఆ వాక్యం సరిపోదు, పోయేవి ఏమిటో చూపించాలి, ఎన్ని రోజులు ఆడారో, ఆఖరున ఎప్పుడు ఆడారో కనబడాలి అన్నాను. కురాహషి గారు “ఇలా ఎంతమందికి జరిగింది?” అన్నారు. “ఒకరికి” అన్నాను. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. “రాసి ఇవ్వండి, చూద్దాం” అన్నారు. చూస్తారో లేదో తెలియదు. రాస్తున్నాను. మూడేళ్ళ కిందట ఆ వాక్యానికి అరగంట పట్టింది. ఇప్పుడు నాలుగు రోజులైంది, ఇంకా కుదరలేదు.

సహాయ కేంద్రం విషయంలో నేను చేసింది తప్పు. నీకు కాకుండా వాళ్ళకి ఫోన్ చేశాను. క్షమించు అని రాస్తే మరీ తేలికగా ఉంది. డిసెంబరు తొమ్మిదిన వస్తున్నాను, రైలెక్కి, చెప్పులు విప్పి.

పెద్దనాన్న ఎలా ఉన్నారు? తింటున్నారా?

మదోకా


మియాజు,
డిసెంబరు 2

మదోకాకి,

తింటున్నాడు. నిన్న చేప బాగా కాలలేదని పళ్ళెం తోసేశాడు కూడా. నువ్వొచ్చేటప్పుడు పల్చటి బట్టలు తెచ్చుకోకు, కొండలమీద మంచు పడింది.

ముల్లంగి రాదని ఆయనకి చెప్పాల్సింది నేనేగా. ఆదివారం షెడ్డుకి సెలవు. పెట్టె తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టి, నీ ఉత్తరం చదివి వినిపించాను. అరల సంగతీ, నవ్వినవాడి సంగతీ, అంతా. నవ్వినవాడి దగ్గర “అదీ!” అన్నాడు, గట్టిగా. అది మాత్రం నాకు స్పష్టంగా అర్థమైంది, ఉత్తరంలో రాయదగ్గ మాట కాదు.

తరవాత కొత్త ముఖం చేర్చే గుర్తు తనే నొక్కాడు. ఎక్కడుందో నేను ఇప్పటికీ వెతుక్కుంటాను, ఆయనకి చూడక్కర్లేదు. బొమ్మ ఎంచుకోమంది. నా పిల్లినే నొక్కాడు. “అది నాదండీ!” అన్నాను. వినలేదు. పేరు అడిగింది, అక్షరాల పలక వచ్చింది. కుడిచేతి చూపుడువేలు ఎత్తాడు. వేలు పక్కకి పోతోంది. పట్టుకుందామని నా చెయ్యి ముందుకు పోయింది, మోచేత్తో తోసేశాడు. సరేనని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పొయ్యిమీద నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోతున్నాయని తెలుసు, లేవలేదు. గిన్నె మాడింది, కావాలంటే నీ మనిషికి చెప్పుకో.

ముందు ‘కి’ నొక్కాడు. తప్పు నొక్కాడనుకున్నాను, ఆయన పేరు ‘తో’ తో కదా మొదలు. చాలాసేపు వెతికి ‘ను’ నొక్కాడు. ఒకసారి పక్కది పడింది, చెరిపి మళ్ళీ నొక్కాడు. ఆఖరుది ‘యో’.

చదివి “ఇది నా పేరండీ” అన్నాను. ఆయన తెరమీద వేలు పెట్టి, ఆ వేలే తీసుకొచ్చి నా భుజం మీద పెట్టాడు. నోరు చాలా కష్టపడింది. పెదాలు కదిలాయి, మెడ నరాలు లేచాయి. వచ్చింది మళ్ళీ ‘అదీ’నే. ఏప్రిల్‌నుంచి ఆయన నన్ను పిలవలేదు, మదోకా. నేనూ దాని గురించి ఎవరికీ చెప్పలేదు.

ఇక కలిసి కూర్చుని దిద్దుకుంటాం అనుకుంటున్నావేమో, అదేం లేదు. సోమవారం షెడ్డు మానేసి పక్కన కూర్చోబోతే, కర్ర ఎత్తి తలుపు చూపించాడు. మళ్ళీ మొదటినుంచి దిద్దుతున్నాడు, ఎవరూ చూడకూడదట. నేను ఫుసా దగ్గరికి పోయాను. కప్ప ముందుందో వెనకుందో ఇప్పుడు చూడటం మానేశాను.

కానీ ఒక చిక్కొచ్చి పడింది, దానికోసమే ఈ ఉత్తరం. మూలలో ఇప్పుడు ఒక పడవ, రెండు పిల్లులు. రెండు పిల్లుల కిందా కినుయో అనే ఉంది. ఒకే పేరు రెండుసార్లు పెడితే మీ మెనూ ఒక్క మాటైనా అనలేదు, ప్రతిదానికీ సరేనా సరేనా అని అడిగేది, దీన్ని మాత్రం అడగలేదు. దానికి లోపల తేడా తెలుస్తుందేమో, నాకు తెలియడం లేదు. నిన్న సాయంత్రం “ఎవరు ఆడతారు?” అంటే భయం వేసి పెట్టె ఆపేశాను. తప్పు పిల్లిని నొక్కి ఆయన అక్షరాల మీద బంతులు విసిరితే? ఆయన్ని అడిగితే రెండిటినీ చూపించి నవ్వుతున్నాడు. నువ్వు వచ్చేదాకా ఆగలేను.

ఏది నేనో త్వరగా రాయి.

పెద్దమ్మ